గాలిని గాలించే పెట్టె

"ట్రంకు" అన్న మాట వినగానే మా తరం వారికి రెండు వస్తువులు గుర్తుకు వస్తాయి. ఒకటి, అటక మీద పెళ్ళినాటి పట్టుచీరలతో, కలరా ఉండల వాసనతో కాలం గడిపే రేకుపెట్టె. రెండవది, తపాలా కార్యాలయపు బల్ల మీద గంటల తరబడి కూర్చొని, చివరకు ఎవరి గొంతో తెలియని గొంతుతో మూడు నిముషాలు అరిచి వచ్చే ట్రంకు కాల్. ఈ పదానికి మూడవ అర్థం ఒకటి ఉన్నదని నాకు 2022 చలికాలంలో, కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ పట్టణంలో, మా అమ్మాయి ఇంట్లో తెలిసింది. చెప్పిన గురువుకు పద్నాలుగేళ్ళు. నా మనుమడు.

వాడి బల్ల మీద ఇటుక పరిమాణంలో ఒక రేడియో ఉంటుంది. దానిని స్కానర్ అంటారు. పాటలు రావు, వార్తలు రావు. అగ్నిమాపక దళం వారు, మరమ్మతు పనివారు, కాపలాదారులు తమలో తాము మాట్లాడుకొనే మాటలు ముక్కలు ముక్కలుగా వస్తాయి. భాషాభిమానం కొద్దీ నేను దానికి "గాలింపు రేడియో" అని పేరు పెట్టాను. గాలిని గాలించేది కనుక. వాడు నవ్వి "బాగుంది తాతయ్యా, కానీ ఎవరికీ అర్థం కాదు" అన్నాడు. ముప్పై యేళ్ళ పైన పాఠాలు చెప్పి ఈ మాట పడటం కొత్త కాదు కాబట్టి ఊరుకున్నాను.

లివర్‌మోర్ గురించి ముందు నాలుగు మాటలు చెప్పాలి. అక్కడ శివవిష్ణు దేవాలయం ఉన్నది. ఒకే కప్పు కింద శివకేశవులిద్దరూ కొలువై ఉండటం చూసి, హరిహరనాథునికి భారతం అంకితమిచ్చిన తిక్కన గారిని తలచుకోకుండా ఉండలేకపోయాను. అగ్నిమాపక కేంద్రంలో 1901 నుంచి వెలుగుతున్న ఒక విద్యుద్దీపం ఉన్నది. అది చూడటానికి కూడా జనం వస్తారు. వీటన్నిటినీ మించి, ఊరికి తూర్పు అంచున లారెన్స్ లివర్‌మోర్ జాతీయ ప్రయోగశాల ఉన్నది. 1952లో మొదలైంది. అణ్వాయుధాల రూపకల్పన దాని ముఖ్యమైన పని. 116వ మూలకానికి 2012లో లివర్‌మోరియం అని పేరు పెట్టింది ఈ ప్రయోగశాల గౌరవార్థమే. మా అమ్మాయి ఇంటి నుంచి ఆ కంచె దాకా నడిస్తే అరగంట. నా మనుమడు గాలించే మాటలలో ఆ కంచె లోపలివి కూడా కొన్ని ఉంటాయి.

"అణ్వాయుధాల ప్రయోగశాల మాటలు చాటుగా వింటున్నాడా!" అని మొదట నా గుండె ఝల్లుమన్నది. మీకూ అలాగే అనిపిస్తే తప్పు లేదు. అది ఎలా పనిచేస్తుందో తెలుసుకొన్న తరువాత గాని నా భయం కుదుటపడలేదు. అందుకని ఆ సంగతి కొంచెం వివరంగా చెబుతాను.

నేను పనిచేసిన ఒక ఉన్నత పాఠశాలలో తరగతి విభాగాలు పద్నాలుగు, గదులు తొమ్మిది. ఏ విభాగానికీ సొంత గది లేదు. కొందరు ఆటస్థలంలో ఉంటారు, కొందరు చెట్టు కింద ఉంటారు, గంట కొట్టగానే ఖాళీగా ఉన్న గది ఎవరికో అటెండరు వరండాలో నిలబడి కేకవేసేవాడు: "ఎనిమిది బీ, నాలుగో గది! పది ఏ, ఏడో గది!" ఎవరైనా నాలుగో గది కిటికీ దగ్గర చెవి పెట్టి కూర్చుంటే వాడికి ఒక గంట లెక్కలు, మరొక గంట సాంఘికశాస్త్రం, ఇంకొక గంట నా సంధి సూత్రాలు వినపడతాయి, ఏదీ మొదలూ తుదీ ఉండదు. ఎనిమిది బీ చదువు పూర్తిగా వినాలంటే గదిని కాదు, అటెండరు కేకను అనుసరించాలి.

ట్రంక్డ్ రేడియో అంటే అచ్చంగా ఇదే. పెద్ద సంస్థలో పదుల సంఖ్యలో జట్లు ఉంటాయి. ఫ్రీక్వెన్సీలు కొన్నే ఉంటాయి. పూర్వం ఒక్కొక్క జట్టుకు ఒక్కొక్క ఫ్రీక్వెన్సీ రాసి ఇచ్చేవారు. సగం సమయం అవి ఖాళీగా పడి ఉండేవి. ఇప్పుడు అన్నిటినీ ఉమ్మడి ఆస్తి చేశారు. ఎవరైనా మాట్లాడటానికి మీట నొక్కగానే ఒక కంప్యూటరు ఖాళీగా ఉన్న దారిని ఆ జట్టుకు కేటాయిస్తుంది. ఆ కేటాయింపును నిరంతరం చాటుతూ ఉండే దారిని కంట్రోల్ ఛానల్ అంటారు. మన అటెండరు అదే. జట్టును టాక్‌గ్రూప్ అంటారు. టెలిఫోను కేంద్రాల మధ్య తీగలను అందరికీ ఉమ్మడిగా వాడే పద్ధతి నుంచే ఈ ఏర్పాటు పుట్టింది. కనుక మన ట్రంకు కాల్‌కూ దీనికీ ఉన్నది చుట్టరికమే. పాత స్కానర్లు గది గదికీ తిరిగి తునకలు ఏరుకొనేవి. కొత్తవి అటెండరు కేక విని జట్టు వెంట నడుస్తాయి. అక్కడి కేంద్ర ప్రభుత్వ సంస్థలకు వేరే పట్టీలు కేటాయించి ఉన్నాయి. 406 నుంచి 420 మెగాహెర్ట్జ్ దాకా ఉన్నది వాటిలో ఒకటి. అలమేడ, కాంట్రాకోస్టా కౌంటీలలోని అగ్నిమాపక, పోలీసు శాఖలకు వేరే ఉమ్మడి రేడియో వ్యవస్థ ఉన్నది. ప్రయోగశాల ప్రాంగణంలో మంటలార్పే బాధ్యత కౌంటీ అగ్నిమాపక దళానిదే. ఆ దళాన్ని పంపే కేంద్రం కూడా ప్రయోగశాల ఆవరణలోనే ఉన్నది.

రహస్యంగా ఉండవలసిన మాటలకు గుప్తలిపి వేస్తారు. అది వేసిన జట్టు మాట్లాడుతున్నదని స్కానరుకు తెలుస్తుంది గాని ఏమి మాట్లాడుతున్నదీ తెలియదు. తలుపు వేసిన గదిలో దీపం వెలుగుతున్నట్లు మాత్రం కనపడుతుంది. మావాడు వినేది తలుపు తెరిచి ఉన్న గదుల మాటలు.

ఇక ఆ రాత్రి సంగతి. కొత్తగా వెళ్ళిన వారికి పగలు నిద్ర, రాత్రి మెలకువ. 2022 డిసెంబరు 5, ఆదివారం దాటి సోమవారం వచ్చిన అర్ధరాత్రి. నాకు నిద్ర పట్టక, మనుమడి అనుమతి ముందే ఉన్నది కనుక, ఆ పెట్టె తెచ్చుకొని వంటింట్లో శబ్దం తగ్గించి పెట్టుకొన్నాను. ఒంటిగంట ప్రాంతంలో ఏమి విన్నాను? ఒక ద్వారం దగ్గర అలారం ఊరికే మోగుతున్నదని ఒకాయన చెప్పాడు. సరే చూస్తానని మరొకాయన అన్నాడు. ఎవరో ఆవులించారు. అది నాకు స్పష్టంగా వినపడింది. తరువాత నిశ్శబ్దం.

ఎనిమిది రోజుల తరువాత, డిసెంబరు 13న, అమెరికా ఇంధన శాఖ వారు ప్రపంచానికి ఒక వార్త ప్రకటించారు. ఆ సోమవారం తెల్లవారుజామున ఒంటిగంట మూడు నిముషాలకు, అదే ప్రయోగశాలలో, 192 లేజరు కిరణాలను మిరియపు గింజంత ఇంధనపు గుళిక ఉన్న చిన్న గొట్టంలోకి ప్రసరింపజేశారు. 2.05 మెగాజౌళ్ళ శక్తి లోపలికి పంపితే 3.15 మెగాజౌళ్ళు బయటికి వచ్చింది. కేంద్రక సంలీనంలో, గుళిక మీదకు పంపిన లేజరు శక్తి కంటె ఎక్కువ శక్తి ప్రయోగశాలలో పుట్టడం చరిత్రలో అదే మొదటిసారి. అరగంట నడక దూరంలో సూర్యుని రహస్యం ఒకటి విప్పుతూ ఉంటే, చెవి రిక్కించి కూర్చున్న నాకు చేరింది ఒక ఆవులింత!

అప్పటి నుంచి, "రేడియో వింటే దేశ రహస్యాలు పోతాయి" అన్న వాదం మీద నాకు నమ్మకం తగ్గింది. రహస్యాలు దాచుకోవటం వారికి వచ్చు. తెరిచి ఉన్న దారిలో నడిచేది తలుపులు, గొట్టాలు, దీపాలు, పొగ, గాయాలు.

గాయాలు అన్నాను కదా. అసలు చెప్పవలసిన సంగతి అక్కడ ఉన్నది. ఇందులో తప్పు నాది.

అమెరికా చట్టంలో ఈ వినడం గురించి ఒక చిత్రమైన విభజన ఉన్నది. 1934 నాటి కమ్యూనికేషన్ల చట్టం, తనది కాని రేడియో సందేశం చెవిన పడితే దానిని మరొకరికి చేరవేయరాదనీ, దానితో లాభం పొందరాదనీ అంటుంది. 1986లో వచ్చిన మరొక చట్టం, సామాన్యులకు అందేటట్లు తెరిచి ఉన్న ప్రభుత్వ, పోలీసు, అగ్నిమాపక రేడియోలను వినడం నేరం కాదని చెప్పింది. సెల్‌ఫోను సంభాషణలు వినడం నేరమన్నది. స్థూలంగా చెప్పాలంటే ఒకరి చెవికి హక్కు ఉన్నది, నోటికి లేదు. 1996 డిసెంబరులో ఫ్లోరిడాలో ఒక దంపతులు కారులో పోతూ స్కానరులో ఒక సెల్‌ఫోను సంభాషణ విన్నారు. మాట్లాడుతున్నది ప్రతినిధుల సభ సభాపతి న్యూట్ గింగ్రిచ్, ఆయన సహచరులు. దానిని టేపు మీదకు ఎక్కించి ఒక ప్రతినిధికి అందజేశారు. జనవరిలో అది పత్రికకెక్కింది. ఆ దంపతులకు తలా 500 డాలర్ల జరిమానా పడింది. ఆ సంభాషణ బయటపడటం ప్రజలకు మేలా కీడా అన్న తగవు ఆ తరువాత పదేళ్ళ పైన న్యాయస్థానాలలో నడిచింది.

ఇదంతా మనుమడు నాకు ముందే చెప్పాడు. "మొదటి నియమం, తాతయ్యా: విన్నది చెప్పకూడదు" అన్నాడు. నేను తల ఊపాను.

జనవరిలో ఒక సాయంత్రం అగ్నిమాపక దళానికి ఒక పిలుపు వచ్చింది. ఒక ఇంటి సంఖ్య, వీధి పేరు, వయసు, ఏమి జరిగిందన్నది, అన్నీ వరుసగా చెప్పారు. ఆ ఇల్లు నాకు తెలుసు. దేవాలయంలో పరిచయమైన ఒక తెలుగు కుటుంబం. ఆ వారంలోనే వారింట భోజనం చేశాను. నా మనసు ఆగలేదు. మరునాడు గుడిలో ఒక పెద్దాయనతో "పాపం, వారింట్లో ఇలా జరిగిందట" అన్నాను. జాలితోనే అన్నాను, లోకంలో చాలా మాటలు జాలితోనే మొదలవుతాయి. ఆయన మరొకరితో జాలిపడ్డాడు. రెండు రోజులలో ఆ ఇంటికి పరామర్శలు మొదలయ్యాయి. ఆ జరిగినది పరామర్శకు పనికివచ్చేది కాదు; ఎవరికీ తెలియకూడదని వారు గుండె రాయి చేసుకొని దాచుకొన్న సంగతి. ఆ ఇల్లాలు ప్రదక్షిణ చేస్తూ నా దగ్గర ఆగి, "మీకెలా తెలిసింది మాస్టారూ?" అని అడిగింది. కోపంగా అడిగి ఉంటే బాగుండేది. ఆమె గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. నేను ఏదో గొణిగాను.

ఇంటికి వచ్చి మనుమడికి చెప్పాను. వాడు నన్నేమీ అనలేదు. ఆ పెట్టె తీసుకొని తన గదిలోకి వెళ్ళిపోయాడు. వారం రోజులు అది వంటింట్లోకి రాలేదు. అమ్మాయి మాత్రం, "వాడి దగ్గర నుంచి తీసేయమంటారా నాన్నా?" అని అడిగింది. తప్పు చేసింది వాడు కాదని చెప్పాను.

కాబట్టి, "గాలిలోకి వదిలిన మాట అందరిదీ" అని వాదించే వారితో నేను ఏకీభవించను. కల్లంలో ధాన్యం ఆరబోసినంత మాత్రాన అది దారినపోయే వాడి ధాన్యం అయిపోదు. కానీ, "అయితే అన్నిటికీ గుప్తలిపి వేసి తలుపులు బిగించండి" అనే వారితోనూ ఏకీభవించలేకపోతున్నాను. కారణం 2024లో నేను కళ్ళారా చూసినది.

ఆ సంవత్సరం జూన్ 1, శనివారం. మేము మళ్ళీ అక్కడే ఉన్నాము. లివర్‌మోరుకు తూర్పున, ట్రేసీ పట్టణం వైపు కొండలలో, ప్రయోగశాల వారికి సైట్ 300 అనే మరొక స్థలం ఉన్నది. 1955 నుంచి పేలుడు పదార్థాల పరీక్షలు జరిగే చోటు. దాని సమీపంలో ఎండుగడ్డికి నిప్పు అంటుకొన్నది. గాలి విపరీతంగా ఉన్నది. కారల్ మంట అని పేరు పెట్టారు. అది ఆరే లోపల 14,000 ఎకరాల పైన కాలింది. ఐ-580 రహదారి మూసివేశారు, ట్రేసీ పడమటి వైపున ఇళ్ళు ఖాళీ చేయించారు, ఇద్దరు అగ్నిమాపక సిబ్బంది గాయపడ్డారు.

ట్రేసీలో మా అమ్మాయికి స్నేహితులు చాలామంది. సాయంత్రం అయ్యేసరికి ఫోనులో సందేశాలు గుంపులు గుంపులుగా దిగాయి. "ప్రయోగశాలలో బాంబులు అంటుకొన్నాయట." "గాలిలో విషం కలిసిందట." "పిల్లలను తీసుకొని బయలుదేరండి." అన్నిటి చివరా "అట". తెలుగు వ్యాకరణంలో ఆ ఒక్క అక్షరద్వయం చేసే పని మరే భాషలోనైనా ఉన్నదో లేదో గాని, ఆ రోజు దానికి తీరిక లేకుండా పోయింది.

మా ఇంట్లో మాత్రం ఆ పెట్టె మాట్లాడుతూ ఉన్నది. నాకు సగమే అర్థమయ్యేది. ఏ కొండ పక్కన ఉన్నారో, గాలి ఎటు తిరిగిందో, ఏ బండికి నీరు కావాలో చెప్పుకొంటున్నారు. గొంతులలో అలసట ఉన్నది గాని ఆందోళన లేదు. బాంబుల మాట లేదు. విషం మాట లేదు. నేను ఆ సంగతి వెంటనే అందరికీ రాయమన్నాను, పాత బుద్ధి! మనుమడు ఒప్పుకోలేదు. "మనం విన్నది సగం తాతయ్యా. మిగిలిన సగంలో ఏమున్నదో మనకు తెలియదు" అన్నాడు. అమ్మాయి కౌంటీ వారు ప్రకటించిన పటం ఒక్కటే స్నేహితులకు పంపి, దానిని చూసి నడుచుకోమన్నది. ప్రయోగశాల కట్టడాలకు ప్రమాదం లేదని వారి ప్రకటన కూడా తరువాత వచ్చింది.

సగం వినడం అనగానే మనకు అభిమన్యుడు గుర్తుకు వస్తాడు. తల్లి గర్భంలో ఉండి పద్మవ్యూహంలో ప్రవేశం వరకు విన్నాడనీ, నిర్గమం వినలేదనీ చెబుతారు. అది జనశ్రుతి, వ్యాసభారతంలో తండ్రి ప్రవేశం నేర్పాడు, నిర్గమం నేర్పలేదు అని మాత్రమే ఉన్నది. అయినా జనం ఆ కథను అలా మార్చుకోవటంలో ఒక అనుభవం ఉన్నది. చాటుగా విన్న చదువుకు చివరి పాఠం ఎప్పుడూ దొరకదు. పద్నాలుగు, పదహారేళ్ళ పిల్లవాడికి అది తెలిసినంతగా నాకు తెలియకపోయింది.

అయితే ఒకటి గమనించండి. ఆ దారి మూసి ఉంటే మా ఇంట్లో కూడా మిగిలేది "అట" మాత్రమే. అలసిన ఆ గొంతులు వినపడబట్టే మేము పరుగులు తీయలేదు. ఆ ప్రయోగశాల ఇరుగుపొరుగు వారికి అడిగే హక్కు కూడా ఉన్నది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అక్కడ నౌకాదళపు విమానక్షేత్రం ఉండేది. అప్పటి నుంచి భూమిలోకి ఇంకిన రసాయన ద్రావకాలు భూగర్భజలంలో కలిశాయి. 1987లో ఆ స్థలాన్ని దేశంలో శుద్ధి చేయవలసిన కలుషిత స్థలాల జాబితాలో చేర్చారు. ఆ నీటిని శుద్ధి చేయటం దశాబ్దాలుగా సాగుతున్న పని. ఇటువంటి కంచె పక్కన కాపురం ఉన్నవాడు "లోపల ఏమి ఒలికింది?" అని చెవి పెట్టటం కుతూహలం మాత్రమే అనగలమా?

పూర్వం రాజులు మారువేషం వేసుకొని రాత్రివేళ వీధులలో తిరిగి, అరుగుల మీద ప్రజలు ఏమనుకొంటున్నారో వినేవారని కథలు చెబుతాయి. వేగులవారే రాజుకు కన్నులని నీతిశాస్త్రాలు పొగిడాయి. ప్రజల మాట రాజు చాటుగా వింటే రాజనీతి అయింది. రాజు మాట ప్రజలు బాహాటంగా వింటే మాత్రం అపరాధం ఎందుకు కావాలి? మన దేశంలో 1933 నాటి చట్టం లైసెన్సు లేనిదే వినే యంత్రాన్ని కూడా ఇంట ఉంచుకోరాదన్నది. మా నాన్నగారు ఇంట్లోని రేడియోకు ఏటా తపాలా కార్యాలయంలో రుసుము కట్టి పుస్తకంలో బిళ్ళ అంటించుకొని వచ్చేవారు. ఆ పుస్తకం దేవుడి పటాల వెనుక ఉండేది. ఆకాశవాణి వినడానికే అనుమతి పత్రం ఉన్న కాలం నుంచి వచ్చినవాడిని కనుక, తెరిచి ఉన్న దారి విలువ నాకు కొంచెం ఎక్కువగానే కనపడుతుందేమో.

ఇప్పుడు అక్కడ ఆ దారులు మూసుకొంటున్నాయి. 2020 అక్టోబరులో కాలిఫోర్నియా న్యాయశాఖ, పౌరుల వ్యక్తిగత వివరాలు రేడియోలో బహిరంగంగా చదవరాదని పోలీసు శాఖలకు ఆదేశించింది. ఆదేశం మంచిదే. పాటించడానికి రెండు మార్గాలు ఇచ్చింది. మొత్తం గుప్తలిపిలోకి మారటం ఒకటి. వివరాలను మాత్రం వేరే విధంగా పంపి మిగిలిన మాట తెరిచి ఉంచటం రెండవది. చాలా ఊళ్ళు మొదటిది పట్టుకొన్నాయి, అది సులభం కనుక. పాలో ఆల్టో నగరం 2021 జనవరిలో మొత్తం మూసివేసింది. జనం అడిగారు, పత్రికలు అడిగాయి. 2022 సెప్టెంబరులో మళ్ళీ తెరిచింది. పేర్లు, లైసెన్సు సంఖ్యల వంటివి మాత్రం గాలిలోకి రాకుండా చూసుకొంటున్నది.

నేను పాలో ఆల్టో పక్షం. ఆయుధాల కాపలావారు తమ మాటకు తాళం వేసుకోనీయండి, నాకు ఆక్షేపణ లేదు. రోగి ఇంటి సంఖ్య బండిలోని తెర మీద కనపడితే చాలు, నాలాంటి వాడి చెవిదాకా రానక్కరలేదు. ఆ ఒక్క ఏర్పాటు ముందే ఉంటే ఒక ఇల్లాలు నన్ను ఆ ప్రశ్న అడగవలసి వచ్చేది కాదు. మంట ఎక్కడ, పొగ ఎటు, ఏమి ఒలికింది, ఏ దారి మూశారు అన్నది మాత్రం అందరి చెవికీ అందాలి. నా తప్పును చూపించి "అందుకే మూసివేయాలి" అని ఎవరైనా అంటే, తప్పు నా నోటిది, వాడి పెట్టెది కాదు అని జవాబు చెబుతాను. ఈ మాట ఒప్పుకోని మిత్రులు ఉంటారని తెలుసు. వాదించండి, వింటాను.

మనుమడి దగ్గర ఒక నోటుపుస్తకం ఉన్నది. విన్నవి అందులో రాసుకొంటాడు. తిరుగు ప్రయాణం ముందు రోజు నాకు చూపించాడు. తేదీ, సమయం, జట్టు సంఖ్య, నాలుగైదు మాటలు: "గొట్టం పగిలింది", "అలారం, ఏమీ లేదు", "గడ్డి మంట, ఆరింది". 2023 జనవరి పుట తిప్పి చూశాను. ఆ సాయంత్రం పక్కన సమయం ఉన్నది, జట్టు సంఖ్య ఉన్నది. మిగిలిన గడి ఖాళీగా వదిలేశాడు.